అడుగున అంకె

“ఎవరిదో చెప్పు” అని గద్దించాడు లైను సూపర్‌వైజరు.

పక్కనే జనరేటరు మోగుతోంది. పైగా పాతికేళ్ళుగా సుత్తి చప్పుడు వినీ వినీ చెప్పులు కుట్టే ఆయన ఎడమ చెవి సగం జీతానికే పనిచేస్తోంది. ఆయన తన చేతిలోని ఒంటి చెప్పు వంక చూసుకుని, “అవున్సార్, ఎవరిదో చెప్పే” అన్నాడు వినయంగా.

నలుగురు నవ్వారు. సూపర్‌వైజరు మొహం మాత్రం కొత్త బూటు కరిచినట్టు ముడుచుకుంది. ఎవరిదో చెప్పమని అడుగుతుంటే ఎవరిదో చెప్పంటావా, నాతోనే వేళాకోళమా అని ఆ చెప్పు లాక్కుని పైకెత్తి చూపించాడు. అసలు సంగతి నవ్వులాట కాదు. ఆ చెప్పు జత లైనులో నాలుగో చోట ఉండవలసింది. ఇప్పుడు దాని తోడుది ముప్ఫై ఎనిమిదో చోట ఉంది. ఆ రోజుకు టోకెన్లు ముప్ఫై.

అది ప్రభుత్వాసుపత్రి కళ్ళ విభాగం. డాక్టరు రోజు విడిచి రోజు వస్తాడు. జనం తెల్లారకముందే వస్తారు. కిటికీ ఎనిమిదింటికి గానీ తెరవరు. మూడు గంటలు నిలబడే ఓపిక ఉన్నవాళ్ళు ఆసుపత్రికెందుకొస్తారు? అందుకని మనుషులకు బదులు చెప్పులు నిలబడతాయి. ముందొచ్చిన జత ముందు, వెనకొచ్చిన జత వెనక, గేటు నుంచి కిటికీ దాకా గోడ పక్కన బారు తీరి ఉంటాయి. వాటి యజమానులు వట్టి కాళ్ళతో అవతలి షెడ్డు కింద చేరి, ఒకరి కళ్ళ కష్టం ఒకరికి చెప్పుకుంటూ కూర్చుంటారు. లోకంలో కాళ్ళు చెప్పుల చేత మోయించుకుంటాయి గానీ, అక్కడ చెప్పులే కాళ్ళ తరఫున కాపు కాస్తాయి.

ఆ లైనును చూసుకోవడానికి పెట్టిన మనిషే సూపర్‌వైజరు. ఆయన్ని అందరూ వెనకాల వరసబాబు అంటారు. వరస ఆయన చేతిలో ఉందని కాదు, వరసలో ముందుండేవాళ్ళంతా ఆయనకు ఏదో ఒక వరస అవుతారని. ఒకనాడు తోడల్లుడు, ఒకనాడు వేలువిడిచిన మేనమామ, ఇంకోనాడు బావమరిది పనిచేసే ఆఫీసులో పెద్దగుమాస్తా. వాళ్ళు ఏడున్నరకు తాపీగా వస్తారు. వాళ్ళ చెప్పులు మాత్రం నిగనిగలాడుతూ ముందు వరసలో ఉంటాయి. మరి అక్కడ అంతకుముందున్న చెప్పులు? అవి లైను తోకకు పోతాయి. ఎంచి ఎంచి ఒంటరిగా వచ్చినవాళ్ళవీ, బొత్తిగా చూపు ఆననివాళ్ళవీ తోకకు పంపుతాడు. లైను మొత్తాన్ని వెనక్కి జరిపితే నలభై నోళ్ళు లేస్తాయి. ఆరు జతలు మార్చేస్తే ఆరే లేస్తాయి, మిగతావాళ్ళ చోటు మిగతావాళ్ళకు ఉంది గనక వాళ్ళు ఆకాశం వంక చూస్తారు. కళ్ళ డాక్టరు దగ్గరికొచ్చే లైనులో కళ్ళు బాగున్నవాళ్ళకు కూడా ఏదీ కనబడదు. దానికి మందు లేదు.

ఆ చెప్పు గట్టి పెద్దమ్మది. ఆవిడకు కుడి కంట్లో పొర ముదిరింది, ఎడమ కంట్లో మొదలైంది. ఇది నాలుగోసారి రావడం. ఆపరేషనుకు తారీఖు రాయించుకోవాలి, అంతే పని. ఎవరూ తోడు రారు. షెడ్డు కింద కూర్చుని, తన చెప్పులు కొని ఏడేళ్ళయిందని, ఈనాటికీ పట్టీ ఊడలేదని, వస్తువు నిలవాలంటే వాడే మనిషి గట్టిగా ఉండాలని ప్రతిసారీ అందరికీ చెబుతుంది. ఆ పేరు అలా వచ్చింది.

వరసబాబు చేతిలోని చెప్పు తడిమి తనదేనని గుర్తుపట్టిన పెద్దమ్మ, చెప్పులాయన గొంతు వినబడిన దిక్కుకు తిరిగింది. “ఏం నాయనా, తెల్లారగట్ల నాలుగింటికి లేచి వచ్చానే. నా చోటు ఎవరికిచ్చావు?”

చెప్పులాయన నోరు తెరిచాడు. చెప్పడానికి ఉంది. చెప్పడానికి నోరు రాలేదు. గోడ పక్క చెట్టు కింద పదకొండేళ్ళుగా కూర్చుంటున్న మనిషి, అందరికీ ఎదురుగా, కాళ్ళు మడిచి కూర్చున్న భంగిమలోనే చిన్నవాడైపోయాడు.

వరసబాబుకు కావలసింది దొరికింది. ఇన్నాళ్ళూ లైను ఎందుకు తారుమారవుతోందో ఇప్పుడు తెలిసిందా అన్నాడు. చెప్పులు ముట్టుకునేది వీడు, మార్చేది వీడు అన్నాడు. షెడ్డు కింద జనంలో గొణుగుడు లేచింది. అవును, తెల్లారగానే లైను వెంట వంగి వంగి తిరగడం నేనూ చూశానని ఒకడు. నా చెప్పు కూడా ఓసారి పక్కకు జరిగిందని ఇంకొకడు. లైనులో ఉన్న వాడి చెప్పు పట్టీ పోయిన నెల తెగి వేలాడుతుంటే ఎవరు అతికారో వాడికి తెలియదు. కుట్టినవాడి మీదే కుట్ర మోపడం చాలా తేలిక, ఆ చేతుల్లో సూది ఎప్పుడూ ఉంటుంది గనక.

మధ్యాహ్నానికల్లా వరసబాబు ఆఫీసు నుంచి ఒక కాగితం తెచ్చాడు. ఎల్లుండి పన్నెండు గంటలలోగా గోడ పక్క స్థలం ఖాళీ చేయాలి. కాగితం మీద ముద్ర గుండ్రంగా, నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

మర్నాడు డాక్టరు రాని రోజు. చెప్పులాయన ఇంట్లోనే ఉన్నాడు. ఒకటే గది. కిటికీ దగ్గర భార్య దారానికి మైనం పట్టిస్తోంది. ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండో కొస పళ్ళతో పట్టి, మైనం ముద్దను మీదికీ కిందికీ లాగుతోంది. నీలం దారం. సంచుల కార్ఖానాలో ఆమె పనిచేస్తుంది. అక్కడ పారేసే తుంపులు తెస్తుంది. ఆ రంగు చెప్పులకు నప్పదు గానీ తెగదు.

ఆమెకు అంతా తెలుసు. మూడేళ్ళ కిందట మొదలైంది. ఒకనాటి ఉదయం బేరం లేక కూర్చున్న మనిషికి ఎదురుగా ఎనభై చెప్పులు, ఎనభై కాదు, ఎనభై గాయాలు కనబడ్డాయి. పిన్నీసు పెట్టినవి, తీగ కట్టినవి, మడమ అరిగి అవతలి నేల కనబడేవి. ఆసుపత్రి దాకా నడిచొచ్చినవే అలా ఉంటే తిరిగి ఇల్లు చేరతాయా? పిలిచి అడిగితే వద్దు బాబూ అంటారు, కాళ్ళు వెనక్కి దాచుకుంటారు. అడుగున ఉన్నవాడు అడుగు వేయడానికి కూడా ఎవరినో అడగాలంటే, అడగడు. అందుకే ఈయన అడగడం మానేశాడు. జతలో ఒకటి లైనులో ఉంచి, రెండోదాన్ని ఒళ్ళోకి తీసుకుని రెండు కుట్లు వేసి, తెచ్చిన చోటే పెట్టేస్తాడు. తర్వాత దాని తోడుది. చెప్పులు కుట్టేవాడి ఒళ్ళో చెప్పుంటే ఎవరు చూస్తారు?

తీసినది తీసిన చోటే పెట్టాలి, లేకపోతే ఒకరి చోటు పోతుంది. అందుకు తెల్లవారుతూనే లైను మొదటి నుంచి చివరి దాకా ఒకసారి నడుస్తాడు. ప్రతి చెప్పునూ ఎత్తి, వంచి, పట్టీ లాగి, డాక్టరు నాడి చూసినట్టు చూసి, అడుగున సుద్దముక్కతో అంకె వేస్తాడు. చిరిగినా చిరగకపోయినా, రెండు కాళ్ళకీ. ఒకటి, రెండు, మూడు. ఆలస్యంగా వచ్చినవాటికి వచ్చినప్పుడల్లా. మళ్ళీ తొడుక్కుని పది అడుగులు వేస్తే చెరిగిపోయే అంకె అది. దాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు. చెప్పు తిరగబడితే కొంపలో గొడవని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళు, చెప్పును బోర్లించి ఎందుకు చూస్తారు?

భార్య పళ్ళ మధ్య నుంచి దారం తీసింది. ఆ వరసబాబు చెప్పులు జరుపుతుంటే కళ్ళారా చూశావు కదా అంది. చూశానన్నాడు. మరి ఆ మాట నోరారా అనవేం అంది. ఆయన మైనం ముద్దను అందుకుని వేళ్ళతో నొక్కాడు. అంటే ఎవరు నమ్ముతారని అడిగాడు. పైగా ఆ చెప్పు నా చేతిలోకి ఎందుకొచ్చిందని అడుగుతారు కదా అన్నాడు.

“కుట్టడానికొచ్చిందని చెప్పు. దొంగతనం చేశావా ఏమన్నా?”

“ఏడేళ్ళుగా ఊడలేదని ఊరంతా చెప్పుకుంటోంది ఆ పెద్దమ్మ. మూడుసార్లు కుట్టాను దాన్ని. నలభై మందిలో ఆ మాటంటే, మళ్ళీ ఆ చెప్పు తొడుక్కుని నడుస్తుందా?”

ఆమె దారాన్ని మళ్ళీ పళ్ళకు పట్టింది. కొంచెం గట్టిగానే లాగింది. ఆవిడ గౌరవం నిలబెట్టడానికి నువ్వు రోడ్డున పడతావా అని అడగాలని ఉంది. దారం నోట్లో ఉంది గనక అడగలేదు. ఉండ చుట్టడం అయ్యాక మాత్రం, చెప్పులు కుట్టేవాడికి చెప్పడం రాకపోవడమేమిటో అని తనలో తానే అనుకున్నంత బిగ్గరగా అంది.

మూడో రోజు తెల్లవారుతుండగా చెప్పులాయన గోడ దగ్గరికి వచ్చాడు. పెట్టె సర్దుకోవాలి, మేకుకున్న రేకు బోర్డు దించాలి, నేలలో సగం పాతుకుపోయిన ఇనప దిమ్మను పెకలించాలి. పన్నెండింటి దాకా గడువుంది. ఈ రోజు లైను జోలికి పోనని ఇంట్లో మాటిచ్చాడు.

సూదులు గుడ్డలో చుట్టాడు. తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. సుత్తి పెట్టెలో పెట్టాడు. సుద్దముక్క మాత్రం చేతిలోనే ఉంది. తలెత్తి చూస్తే గోడ పక్కన రెండో జతకు మడమ దగ్గర పట్టీ ఒక్క పోగు మీద వేలాడుతోంది. అది తెగితే ఆ మనిషి మెట్ల మీద పడతాడు, చూపు లేనివాడు పడితే ఎముకల డాక్టరు లైనులో తేలతాడు. చెప్పులాయన అటూ ఇటూ చూశాడు. మాట తప్పడానికి కాలు ముందు కదిలింది, మనిషి తర్వాత లేచాడు. నడిచాడు కనక అలవాటుగా ఒకటి నుంచీ నడిచాడు. ఎత్తి, వంచి, లాగి, అంకె వేసి. నాలుగోది గట్టి పెద్దమ్మ జత. ఎడమదాని బొటనవేలి పట్టీ కింద మొన్న వేసిన నీలం కుట్టు నిలిచే ఉంది. అంకె వేసి, చెప్పులు రెండూ తిన్నగా జరిపి, ముందుకు పోయాడు. ఆ రోజు నలభై రెండు జతలు.

ఏడు గంటలకు వరసబాబు వచ్చాడు. ముందు గోడ పక్కకు వచ్చి ఇంకా కదల్లేదేమని అడిగాడు. పన్నెండు కాలేదు సార్ అన్నాడు చెప్పులాయన. వరసబాబు లైను దగ్గరికి పోయి, అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు పచార్లు చేశాడు. తర్వాత చేతులు ముందుకొచ్చాయి. ఆరు కొత్త జతలు సంచిలో నుంచి దిగాయి. ఆరు పాత జతలు తోకకు నడిచాయి. చెప్పులాయన చూస్తూనే ఉన్నాడు. చూసి, చేతిలో ఉన్న చెప్పులో సూది దింపాడు. అంతకన్న దింపడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

ఎనిమిదింటికి కిటికీ తెరిచారు. లోపల టోకెన్లిచ్చే గుమాస్తామ్మ ఎప్పటిలాగే తలెత్తకుండా రిజిస్టరు తెరిచింది. జనం వచ్చి ఎవరి చెప్పుల్లో వాళ్ళు నిలబడసాగారు. గట్టి పెద్దమ్మ గోడ పట్టుకుని ముందుకొచ్చి నాలుగో చోట తడిమింది. మెత్తటి కొత్త తోలు తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఐదో చోట తడిమింది, మూడో చోట తడిమింది. వంగి వంగి లైను వెంట తోక దాకా వెళ్ళింది. అక్కడ, నలభై నాలుగో చోట, తన చెప్పులు దొరికాయి.

మళ్ళీ వాడేనమ్మా, ఇవాళ పోయేవాడు పోతూ పోతూ కక్ష తీర్చుకున్నాడు అన్నాడు వరసబాబు, అందరికీ వినబడేలా.

పెద్దమ్మ కుడి చెప్పు తొడుక్కుంది. ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుంది. గోడ వెంట, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిగా, చెప్పులాయన దగ్గరికి నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. పారిపోలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. చెప్పుదెబ్బ తిన్నవాడు మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకు తిరగలేడని ఇద్దరికీ తెలుసు. పాతికేళ్ళు చెప్పుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకున్న మనిషి ఆ చెప్పు కిందే తల వంచాడు. పెద్దమ్మ చెయ్యి పైకి లేచింది.

“ఆగు పెద్దమ్మా” అన్నాడు లైనులో నుంచి ఒక మనిషి.

ఆయన బస్సు కండక్టరు. సెలవు పెట్టి మామగారిని తీసుకొచ్చాడు. కదిలే బస్సులో, కిక్కిరిసిన జనంలో, చేతిలో నలిగిన టిక్కెట్టు మీద అంకె చదవడం ఆయన వృత్తి. పెద్దమ్మ ఎత్తిన చెప్పు అడుగు సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా ఉంది.

“నీ చెప్పు కింద నాలుగని రాసుంది.”

ఎవరికీ అర్థం కాలేదు. కండక్టరు కిందికి వంగి మామగారి కాలి చెప్పు విప్పించి బోర్లించాడు. పదిహేడు. ఆయన నిలబడ్డది పదిహేడో చోటే. వెనకాయన్ని చెప్పు తిప్పి చూడమన్నాడు. వెనకాయన తటపటాయించాడు, చెప్పు తిరగబడితే గొడవొస్తుందని నసిగాడు. అప్పటికి చెయ్యి దించిన పెద్దమ్మ, గొడవ రావడానికి ఇంకేం మిగిలిందని అడిగింది. తన రెండో చెప్పు కూడా విప్పి, అందరి ఎదుటా బోర్లించింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరగబడ్డాయి. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. చెప్పులు వాటంతటవే లెక్క అప్పజెప్పినట్టుంది. తోకలో ఉన్న ఆరు జతల కింద రెండు, నాలుగు, ఐదు, ఎనిమిది, తొమ్మిది, పన్నెండు. చివరికి కండక్టరు ముందు వరసకు వచ్చి, టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి పట్టినప్పటి మర్యాదతో, ఆ ఆరు కొత్త జతల వాళ్ళను కూడా చూపించమన్నాడు. నున్నటి అడుగులు. ఒక్క సున్నా అయినా లేదు.

సుద్దముక్క వాడిదే, ఇప్పుడే రాసుంటాడు అన్నాడు వరసబాబు. గొంతులో పస తగ్గింది. కండక్టరు, మా కాళ్ళ కింద, మేము నిలబడి ఉండగానా అని మాత్రం అడిగాడు. ఆరుగురిలో ఒకాయన, వరసబాబుకు స్వయానా బావమరిది, తన చెప్పులు తొడుక్కుని తోకకు పోయి నిలబడ్డాడు. మిగిలిన ఐదుగురూ కాసేపు ఒకరినొకరు చూసుకుని ఆయన వెనకాలే నడిచారు. వరస అంటే అదీ.

కిటికీలో గుమాస్తామ్మ తలెత్తింది. ఆరేళ్ళలో ఆ తల లేవడం జనం చూడటం అదే మొదలు. వరసబాబు వంక చాలాసేపు చూసి, కలం విదిలించి, “అడుగున ఉన్న అంకె ప్రకారం రండి” అంది.

వరసబాబు ఆఫీసు వైపు వెళ్ళాడు.

కానీ ఒక ప్రశ్న మిగిలే ఉంది. కండక్టరే అడిగాడు, అసలు అంకెలు ఎందుకేశావని. తీసినచోట పెట్టాలి కదా సార్ అన్నాడు చెప్పులాయన. ఎందుకు తీసినట్టు అన్నాడు కండక్టరు. చెప్పులాయన నేల చూశాడు. కండక్టరు చేతిలోని మామగారి చెప్పును ఇంకోసారి తిప్పాడు. మడమ దగ్గర నాలుగు నీలం కుట్లు. వెనకాయన తన చెప్పు చూసుకున్నాడు. ఆ వెనకాయన కూడా. నల్ల చెప్పులో నీలం, గోధుమరంగు చెప్పులో నీలం, ఊదా చెప్పులో నీలం. మొన్న చెప్పు పక్కకు జరిగిందన్నవాడు తన పట్టీ మీద వేలు పెట్టి, అలాగే ఉంచేశాడు. అందరికీ సిగ్గేసింది. ఆ సిగ్గు చిరిగిన చెప్పు గురించి కాదు.

“మరి నాదెందుకు తీశావయ్యా” అని అడిగింది గట్టి పెద్దమ్మ.

చెప్పులాయన నలభై మంది ముందూ మొదటిసారి గొంతు పెంచాడు. “మీది కుట్టడానికి కాదు పెద్దమ్మా. ఏడేళ్ళు ఎలా నిలిచిందో చూసి పని నేర్చుకుందామని తీశాను.”

టోకెను దొరికినవాళ్ళూ దొరకనివాళ్ళూ ఆ రోజు షెడ్డు కిందికి పోలేదు. ఒక్కొక్కరే వచ్చి గోడ పక్కన, చెప్పులాయన చుట్టూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూర్చోవడంతో ఇనప దిమ్మ పెకలించడానికి చోటు లేకపోయింది. పన్నెండయింది. కాగితం పట్టుకుని వరసబాబు గేటు దాకా వచ్చాడు, నలభై మందినీ దాటి అడుగు వేయలేక అక్కడే నిలబడ్డాడు. కాసేపటికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేకు బోర్డు మేకునే ఉంది.

అప్పటికి ఆపరేషను తారీఖు రాయించుకుని పెద్దమ్మ బయటికొచ్చింది. ఇక్కడేమిటి ఇంతమంది అని అప్పుడే వచ్చిన ఎవరో అడిగారు. పెద్దమ్మ చెప్పులాయన పక్కన చతికిలబడి, ఎడమ చెప్పు విప్పి ఒళ్ళో పెట్టుకుని, మొదటి నుంచీ విప్పి చెప్పింది. ఎవరిదో చెప్పమంటే ఎవరిదో చెప్పని ఈయన అనడం, వరసబాబు మండిపడటం, ఆయన చెప్పులు మార్చడం, అడుగున అంకెలు. మూడేళ్ళుగా ఈయన అందరి చెప్పులూ అడక్కుండా కుడుతున్నాడని, తాము దొంగన్నది ఇలాంటివాణ్ణని, తానైతే చెప్పు కూడా ఎత్తానని, ఏదీ దాచకుండా అందరికీ వినబడేలా చెప్పింది.

“నాది మాత్రం కుట్టలేదు, తెలుసా. నాది గట్టిది” అంది చివరికి. చుట్టూ ఉన్న చూపున్న కళ్ళన్నీ ఒక్కసారి ఆవిడ ఒళ్ళోకి వాలి, మళ్ళీ మర్యాదగా పైకి లేచాయి. అవును పెద్దమ్మా, గట్టిదే అన్నాడు కండక్టరు.

పట్టీ కింద కుట్టు ఉన్నచోటే ఆవిడ బొటనవేలు ఉంది. ఒక్కొక్క కుట్టునూ మెల్లగా తడిమి, లెక్కపెట్టుకుని, ఎవరికీ కనబడకుండా దాన్ని వేలితో మూసేసింది.